పెడల్ స్టీల్ మీద జాజ్ కార్డ్ మెలడీ: ఇ9 చాలా, సి6 కావాలా, రెండూ ఉన్నది కొనాలా?

పెడల్ స్టీల్ (బల్లలా ముందు పెట్టుకుని, పాదాలతో పెడల్స్ తొక్కుతూ బార్‌తో వాయించే గిటార్) మీద జాజ్ కార్డ్ మెలడీ వాయించాలనుంది, ఏది కొనాలి అని వాయించేవాళ్లని అడిగితే ఎక్కువమంది ఠక్కున సి6 అంటారు (సి6, ఇ9 అనేవి దాని తీగల్ని శ్రుతి చేసుకునే రెండు పద్ధతులు, అంటే ట్యూనింగ్‌లు). తప్పు జవాబేం కాదు, నేనూ చివరికి అటే మొగ్గుతాను. కాకపోతే దానికి చెప్పే కారణం, "సి6లోనే జాజ్ కార్డ్‌లు దొరుకుతాయి" అనేది మాత్రం నిజం కాదు. అవే కార్డ్‌లు ఇ9లోనూ ఉన్నాయి, కింద చూపిస్తాను, చూశాక మీకే ఆశ్చర్యం వేస్తుంది.

కార్డ్ మెలడీ అంటే పాట స్వరం పైన, దాన్ని మోసే కార్డ్ (కలిసి మోగే కొన్ని స్వరాలు) కింద, రెండూ ఒక్కరే ఒకే వాద్యం మీద పలికించడం. అందుకని ఏ ట్యూనింగ్‌నైనా ముందు ఒకటే అడగాలి: కింద కార్డ్ మోగుతుండగానే పై స్వరం పాటలోని తర్వాతి స్వరానికి వెళ్లగలదా? వెళ్లగలిగితే పాట వినబడుతుంది. లేదంటే ఎన్ని కార్డ్‌లు తెలిసినా ఒకదాని మీద నుంచి ఇంకోదాని మీదకి గెంతడమే అవుతుంది.

మామూలు గిటార్ నుంచి వచ్చేవాళ్లకి ఒక మాట. అక్కడ ఎడమ చేతి నాలుగు వేళ్లూ నాలుగు వేర్వేరు ఫ్రెట్‌ల మీద ఉండొచ్చు కాబట్టి కావలసిన ఆకారాన్ని చెయ్యే కట్టుకుంటుంది. స్టీల్ మీద ఆ వెసులుబాటు లేదు. చేతిలో ఉండేది గుండ్రటి బరువైన బార్ ఒక్కటే, అది తీగలన్నిటినీ ఒకే గీత మీద తాకుతుంది. బార్‌ని ఏటవాలుగా పెట్టడం అనే విద్య ఉంది గానీ పది తీగల వెడల్పు మీద, పాట నడుస్తుండగా, దాన్ని నమ్ముకోవడం కష్టం. కాబట్టి కార్డ్ ఆకారం మారాలంటే తీగల శ్రుతే మారాలి, ఆ పని పాదాలూ మోకాళ్లూ చేస్తాయి. ఏ పెడల్ ఏ తీగని ఎంత లాగుతుందో అదే మీ కార్డ్ పుస్తకం.

మార్కెట్లో ఎదురయ్యేవి ఇవి. పది తీగల ఇ9 ఒక్కటే ఉన్న సింగిల్ నెక్ (నెక్ అంటే తీగలు పరిచిన పలక). అదే పరిమాణంలో సి6 ఒక్కటే ఉన్నది, ఇది అరుదు. రెండు నెక్‌లూ పక్కపక్కన ఉండే డి-10. పన్నెండు తీగల మీద ఇ9నీ బి6నీ కలిపేసిన యూనివర్సల్. పెడల్స్ లేకుండా ఒళ్లో పెట్టుకు వాయించే ఆరు తీగల ల్యాప్ స్టీల్. నాష్‌విల్ కంట్రీ సంగీతం ఇ9 మీద నిలబడింది, వెస్టర్న్ స్వింగ్, జాజ్ సి6 మీద పెరిగాయి. అలవాట్లు అక్కడి నుంచి వచ్చాయి.

ముందు సి6. పైనుంచి కిందికి తీగలు: జి, ఇ, సి, ఎ, జి, ఇ, సి, ఎ, ఎఫ్, సి. పెడల్స్ ఏమీ తొక్కకుండానే మధ్యలోది సి6 కార్డ్, దాన్నే ఎ మైనర్ 7 అనుకోవచ్చు, తొమ్మిదో తీగ ఎఫ్‌ని బాస్‌గా కలిపితే అది ఎఫ్ మేజర్ 9. ఒక్క పెడల్ తొక్కకుండా మూడు పేర్లు. ఇక పెడల్స్‌కి 4 నుంచి 8 దాకా అంకెలు ఉంటాయి, ఎందుకంటే డి-10లో మొదటి మూడూ ఇ9వి. నాలుగో పెడల్ ఎ తీగలు రెండిటినీ బికి పెంచుతుంది. అయిదోది అయిదో తీగ జిని ఎఫ్ షార్ప్‌కి దించి, తొమ్మిదో తీగ ఎఫ్‌ని ఎఫ్ షార్ప్‌కీ పదో తీగ సిని డికీ పెంచుతుంది, అంటే డి9 తయారు. ఆరోది పై ఇని ఎఫ్ చేసి కింది ఇని ఇ ఫ్లాట్ చేస్తుంది, అది ఎఫ్9. ఏడోది సిని డి, ఎని బి చేసి సి మేజర్ 9 ఇస్తుంది. ఎనిమిదోది కింది తీగల కోసం: పదో తీగ ఎ దాకా దిగుతుంది, అంటే మామూలు గిటార్ అట్టడుగు ఇ కన్నా బాగా కిందకి, పైన ఎ7 నిలబడుతుంది, మూడో తీగ సిని కలిపితే షార్ప్ 9 కారం కూడా వస్తుంది. అయిదూ ఆరూ ఒకే పాదంతో కలిపి తొక్కి మూడో తీగ నుంచి ఆరో తీగ దాకా మీటితే డిమినిష్డ్ 7. మోకాలి లీవర్లు ఒక్కో గిటార్‌లో ఒక్కోలా ఉంటాయి, ఎని బి ఫ్లాట్‌కో ఎ ఫ్లాట్‌కో మార్చేవి, సిని బికి దించేవి ఎక్కువగా కనిపిస్తాయి. పెడల్స్ కూడా ఎవరి ఇష్టానికి వాళ్లు మార్పించుకుంటారు, కొనేముందు ఆ గిటార్‌కి ఉన్న పట్టిక చూడకుండా నేను చెప్పింది అందులో ఉంటుందనుకోకండి.

ఇప్పుడు అసలు పరీక్ష. సి శ్రుతిలో జాజ్ పాటల్లో మాటిమాటికీ వచ్చే మూడు కార్డ్‌లు: డి మైనర్, జి7, సి మేజర్. బార్ అయిదో ఫ్రెట్ మీద పెట్టి నాలుగో పెడల్ తొక్కి 4, 5, 6, 7 తీగలు మీటండి. కిందనుంచి ఎఫ్, ఎ, సి, ఇ వినిపిస్తాయి, డి మైనర్ 9, మూల స్వరం ఒక్కటే లేదు. బార్ కదపకుండా అయిదో పెడల్ కూడా తొక్కండి: ఎఫ్, ఎ, బి, ఇ. జి13. మధ్యలో ఒక్క స్వరం అర మెట్టు దిగింది, అంతే. రెండు పెడల్స్ వదిలేసి బార్‌ని ఏడో ఫ్రెట్‌కి జరపండి: జి, బి, డి, ఇ. సి మేజర్ 9. మూడు కార్డ్‌లూ మారాయి, పైన ఇ స్వరం కదల్లేదు. పియానో వాళ్లు ఎడమ చేత్తో వేసే మూలం లేని వాయిసింగ్‌లు (స్వరాల అమరికలు) అచ్చం ఇలాంటివే. బేసిస్ట్ ఉన్న బృందంలో ఇంతకు మించి అక్కర్లేదు కూడా.

ఇదే పరీక్ష ఇ9కి పెడదాం. తీగలు పైనుంచి: ఎఫ్ షార్ప్, డి షార్ప్, జి షార్ప్, ఇ, బి, జి షార్ప్, ఎఫ్ షార్ప్, ఇ, డి, బి. పెడల్స్‌ని ఎక్కువమంది అమర్చుకునే ఎమన్స్ వరసలో మొదటి పెడల్ బి తీగల్ని సి షార్ప్‌కి, రెండోది జి షార్ప్ తీగల్ని ఎకి పెంచుతాయి. బార్ మూడో ఫ్రెట్ మీద, మొదటి రెండు పెడల్స్ తొక్కి, 5, 6, 7, 9 తీగలు మీటండి. ఎఫ్, ఎ, సి, ఇ. రెండో పెడల్ వదలండి: ఎఫ్, ఎ, బి, ఇ. ఇప్పుడు మొదటిది వదిలేసి రెండోది తొక్కి అయిదో ఫ్రెట్‌కి జరపండి: జి, బి, డి, ఇ.

అవే స్వరాలు, అదే ఎత్తులో, అదే వరసలో! రెండో పెడల్ తొక్కినప్పుడు ఇ9లోని ఆ నాలుగు తీగలూ బి, ఎ, ఎఫ్ షార్ప్, డి అవుతాయి, అంటే సి6 మధ్య తీగలే ఒక స్వరం పైకి జరిగి కూర్చున్నాయి. "ఇ9 మీద జాజ్ రాదు" అనేవాళ్లకి ఇది వాయించి వినిపించండి, ఏ నెక్ మీద వాయించారో కళ్లు మూసుకుని చెప్పమనండి.

మరి తేడా ఎక్కడ? ఆ నాలుగు తీగలకి పైనా, కిందా.

సి6లో నాలుగో తీగ మీద ఉన్న స్వరం నుంచి పాట పైకి వెళ్లాలంటే మెట్లెక్కినట్టు వెళ్లొచ్చు. అయిదో ఫ్రెట్ మీదే చూడండి: నాలుగో తీగ డి, నాలుగో పెడల్‌తో ఇ, మూడో తీగ ఎఫ్, ఏడో పెడల్‌తో జి, రెండో తీగ ఎ, మొదటి తీగ సి. పాట పైకి పోయేకొద్దీ తీగ కూడా పైకి పోతుంది, బయటి వేలు ఎప్పుడూ పాట మీదే ఉంటుంది, లోపలి వేళ్లూ బొటనవేలూ కార్డ్ చూసుకుంటాయి. కుడి చేతికి ఇది ఎంత హాయో కొన్నాళ్లు వాయిస్తే గానీ తెలియదు.

ఇ9లో అదే ప్రయాణం అడ్డదిడ్డంగా ఉంటుంది. మూడో ఫ్రెట్ మీద డి, ఇ అయిదో తీగ మీద ఉన్నాయి. ఎఫ్ కావాలంటే ఎగిరి రెండో తీగకి పోయి దాన్ని మోకాలి లీవర్‌తో అర మెట్టు దించాలి, జికి మళ్లీ వెనక్కి నాలుగో తీగకి రావాలి, ఎకి మొదటి తీగకి, సికి మూడో తీగకి, అదీ రెండో పెడల్ తొక్కి ఉంటేనే. పై రెండు తీగలూ శ్రుతి వరసలో లేకపోవడం కంట్రీ లిక్‌ల్లో (చిన్న చిన్న స్వరాల పలుకుల్లో) వరం, వేగంగా స్కేల్ దొర్లించడానికి బాగుంటుంది. కార్డ్ మెలడీలో మాత్రం పాట ఏ తీగ మీద ఉందో ఎప్పటికప్పుడు వెతుక్కోవాలి. పైగా ఆ నాలుగు తీగల పట్టులో ఎనిమిదో తీగని దాటేయాలి, బొటనవేలు కొంచెం తడబడితే అదీ మోగుతుంది.

అయితే ఇ9కే సొంతమైన అందం ఒకటుంది, దాన్ని సి6 వాళ్లు ఒప్పుకోవాలి. మూడో ఫ్రెట్ మీద రెండో పెడల్ తొక్కి 3, 5, 7, 9 తీగలు మీటితే పైన సి, కింద డి మైనర్. పెడల్ నెమ్మదిగా వదిలితే పైన సి కాస్తా బిలోకి జారుతుంది, కింద కార్డ్ జి9 అయిపోతుంది. పాట స్వరమే జారుతూ కార్డ్‌ని మార్చేస్తుంది. నెమ్మదైన బాలడ్‌లో ఇలాంటి ఒక్క జారుడు చాలు. ఆ తీగల స్వరాల మధ్య దూరం కూడా కొంచెం ఎక్కువగా ఉండటం వల్ల కార్డ్ గాలాడుతూ వినిపిస్తుంది.

ఇక కింది వైపు. ఇ9 అట్టడుగు తీగ బి, మామూలు గిటార్ అయిదో తీగ కన్నా ఒక స్వరం పైనే ఆగిపోయింది. బేసిస్ట్ ఉంటే ఫరవాలేదు. ఒంటరిగా వాయించేవాళ్లకి మాత్రం ఇది గోడ. సి6లో ఇందాకటి జి13కి అయిదో పెడల్ వల్లే పదో తీగ మీద జి బాస్ దొరుకుతుంది, ఏడో ఫ్రెట్‌కి జరిగాక తొమ్మిదో తీగ మీద సి బాస్ సిద్ధంగా ఉంటుంది. డి మైనర్ దగ్గర ఒక చిక్కుంది: డి బాస్ ఎనిమిదో తీగ మీద ఉంది గానీ నాలుగో పెడల్ ఆ తీగని కూడా పైకి లాగుతుంది, బాస్ మోగుతుండగా తొక్కితే అదీ పాటతో పాటు వంగుతుంది. అక్కడ బాస్ ముందు మీటి, ఆపి, తర్వాత పెడల్ తొక్కాలి, లేదా బాస్ వదిలేయాలి. నేనైతే వదిలేస్తాను, వినేవాళ్ల చెవి దాన్ని తనే పూరించుకుంటుంది.

కాబట్టి ఒక్క నెక్కే కొనగలను, జాజ్ కార్డ్ మెలడీయే ముఖ్యం, కంట్రీ అక్కర్లేదు అంటే సి6. సందేహం లేదు. చిక్కేమిటంటే సి6 ఒక్కటే ఉన్న సింగిల్ నెక్ సెకండ్ హ్యాండ్‌లో తేలిగ్గా దొరకదు, కొత్తది చేయించుకోవాలి, లేకపోతే సింగిల్ నెక్ ఇ9 కొని సి6కి మార్పించాలి. పెడల్ గిటార్ అడుగున తీగల్ని లాగే రాడ్లూ బెల్‌క్రాంకులూ మార్చడం తెలిసినవాళ్ల పని, తీగలు మార్చినంత సులువు కాదు. పైగా ఇ9కి మూడే పెడల్స్, సి6కి అయిదు. ఆ మిగతా రెండూ ఎక్కడ పెట్టిస్తారో ముందే అడగండి.

ఇక్కడే డి-10, యూనివర్సల్ మధ్య పోటీ వస్తుంది.

డి-10లో రెండు ట్యూనింగ్‌లూ పూర్తిగా, ఏదీ తగ్గించకుండా ఉంటాయి. నేర్పే పాఠాలూ పట్టికలూ చాలావరకు వీటి కోసమే రాసి ఉంటాయి. సెకండ్ హ్యాండ్‌లో ఎక్కువగా దొరుకుతుంది కూడా. ఇబ్బంది బరువు: కేస్‌తో కలిపి 25 నుంచి 35 కిలోల మధ్య ఉంటుంది, మోసుకుని మెట్లెక్కేవాళ్లకి దాని సంగతి తెలుసు. అమెరికాలో కొని ఇండియాకి తెచ్చుకుందాం అనుకునేవాళ్లు విమానంలో మామూలు ఎకానమీ బ్యాగుకి 23 కిలోలే పరిమితి అని గుర్తుంచుకోండి. ఇంకో సంగతి, సి6 ఉన్న వెనక నెక్ నూటికి తొంభై మంది దగ్గర దుమ్ము పట్టి ఉంటుంది. మీరు నిజంగా దాన్నే వాయిస్తారా, లేక ఉంటే బాగుంటుందనా?

యూనివర్సల్ ఆలోచన తెలివైనది. ఇ9లో నాలుగో, ఎనిమిదో తీగల ఇని మోకాలి లీవర్‌తో డి షార్ప్‌కి దించితే మిగిలేది బి6, అంటే సి6నే అర మెట్టు కింద. లీవర్‌ని లాక్ చేసుకునే ఏర్పాటు చాలా గిటార్లలో ఉంటుంది. ఇందాకటి అయిదు, అయిదు, ఏడు ఫ్రెట్‌లు ఇక్కడ ఆరు, ఆరు, ఎనిమిది అవుతాయి, మిగతాదంతా అదే. కార్డ్ మెలడీకి దీనిలో దాగున్న లాభం పైతీగల్లో ఉంది: సి6 భాషలో చెప్పాలంటే పైన జి మాత్రమే కాదు, దాని పైన ఎ కూడా దొరుకుతుంది. బరువు డి-10 కన్నా తక్కువ. నష్టం ఇ9 వైపు: తొమ్మిదో తీగ డి ఉండదు, ఆ చోట బిని లీవర్‌తో డికి లాగుకోవాలి. అంటే నేను పైన పొగిడిన ఇ9 పట్టులన్నీ ఒక మోకాలిని ఎప్పుడూ పనిలో పెట్టుకుంటాయి. అయితే యూనివర్సల్ ఉన్నవాడికి ఆ పట్టులు ఇ9లో ఎందుకు, పక్కనే బి6 ఉండగా? నా లెక్కలో కార్డ్ మెలడీ కోసమే పుట్టిన గిటార్ ఏదైనా ఉంటే అది ఇదే, కానీ నేర్పేవాళ్లు తక్కువ, దొరకడం తక్కువ, పన్నెండు తీగల నెక్ మీద మొదట్లో కుడి చెయ్యి దారి తప్పుతుంది. మారిస్ ఆండర్సన్ లాంటి పెద్దలు ఇదే ఆలోచనని బి ఫ్లాట్ 6 ఆధారంగా నడిపారు, ఆయన వాయించింది వింటే ఒకే నెక్ మీద ఎంత దూరం పోవచ్చో తెలుస్తుంది.

సి6 తీసుకునేవాళ్లకి ఇంకో చిన్న ఎంపిక ఉంది, దీని మీద వాదనలు మాత్రం పెద్దవి: మొదటి తీగ జి పెట్టుకోవాలా, డి పెట్టుకోవాలా? డి పెడితే అది రెండో తీగ ఇ కన్నా కిందే ఉంటుంది, సోలో లైన్లు వేగంగా వాయించడానికి మధ్యలో ఒక స్వరం చేతికందుతుంది. కార్డ్ మెలడీకి జి. ఎందుకో పైన చెప్పిన మెట్ల వరసే చెబుతుంది. సోలోలే ఎక్కువ వాయిస్తాననుకుంటే డి పెట్టుకోండి, తీగ మార్చి చూడటానికి ఖర్చేం లేదు.

ల్యాప్ స్టీల్ గురించి. పెడల్ స్టీల్ కొత్తది కొనాలంటే వేల డాలర్ల మాట, ఇండియాలో మామూలు మ్యూజిక్ షాపులో అది కనిపించదు. కానీ ఆరు తీగల సి6 ల్యాప్ స్టీల్ ట్యూనింగ్ పైనుంచి ఇ, సి, ఎ, జి, ఇ, సి. ఇది పెడల్ సి6లోని రెండో తీగ నుంచి ఏడో తీగ దాకా ఉన్నదే, ఒక్క స్వరం తేడా లేదు. అందుకని దీని మీద నేర్చుకున్న ఏ ఆకారమూ వృథా పోదు, పెడల్ గిటార్ వచ్చిన రోజు నుంచే పనికొస్తుంది. హవాయియన్ గిటార్ సంప్రదాయం బలంగా ఉన్న కోల్‌కతాలో తయారైన గిటార్లు మనవాళ్లకి అందుబాటులో ఉంటాయి, తగిన మందం తీగలు వేసి సి6కి మార్చుకోవచ్చు. పాత తీగలతోనే బిగించకండి, తెగుతాయి.

పెడల్స్ లేవు కాబట్టి ఇందాకటి పరీక్షలో ల్యాప్ స్టీల్ సగమే పాసవుతుంది. అయిదో ఫ్రెట్ మీద డి మైనర్ 7 ఉంది, ఏడో ఫ్రెట్ మీద పైన ఇతో సి మేజర్ 9 ఉంది, మధ్యలో జి13 లేదు. బేసిస్ట్ జి వేస్తే అయిదో ఫ్రెట్ కార్డే జి9 సస్ అయిపోతుంది, చాలా పాటల్లో అది సరిపోతుంది, వినడానికి బాగుంటుంది కూడా. కొంచెం ఘాటు కావాలంటే ఒకటో ఫ్రెట్‌కి పోండి, అక్కడ దొరికే డి ఫ్లాట్, ఎఫ్, ఎ ఫ్లాట్, బి ఫ్లాట్ జి7 మీద ఆల్టర్డ్ రంగు ఇస్తాయి. మిగతాది ఏటవాలు బార్ పని. పెడల్స్ వచ్చాక కూడా వాటి జోలికి పోకుండా పెడల్స్ లేని స్టీల్ మీదే జీవితమంతా నడిపిన జెర్రీ బర్డ్ ఉన్నాడు, కాబట్టి దీన్ని పేదవాడి పెడల్ స్టీల్ అని చిన్నచూపు చూడక్కర్లేదు. కానీ మీకు కావలసింది చిక్కటి, కదిలే హార్మొనీ అయితే త్వరలోనే పెడల్స్ కోసం కాలు తడుముకుంటుంది.

శ్రుతి విషయం చాలామంది కొనేటప్పుడు ఆలోచించరు. తంబురా బాగా కలిస్తే అందులోంచి తనంతట తానే వినిపించే అంతర గాంధారం ఉంటుంది కదా, అది పియానో మీద అదే స్వరం కన్నా 14 సెంట్లు కిందుంటుంది, అంటే అర మెట్టులో ఏడో వంతు. కర్ణాటక సంగీతం విన్న చెవికి, ముఖ్యంగా గోటువాద్యం వాయించేవాళ్లకి, ఆ కిందున్నదే హాయి. ఇ9 వాయించే కంట్రీ వాళ్లూ అదే చేస్తారు: జి షార్ప్ తీగల్నీ, మొదటి పెడల్ ఇచ్చే సి షార్ప్‌నీ కాస్త దించి కలుపుతారు, మేజర్ కార్డ్ కొట్టుకోకుండా తేటగా మోగుతుంది. ఇప్పుడు పై ఉదాహరణ గుర్తు తెచ్చుకోండి. డి మైనర్ 9లోనూ జి13లోనూ ఇ9 మీద పైన ఉన్న ఇ స్వరం ఆ సి షార్ప్ నుంచి వచ్చిందే. పక్కన పియానో ఉంటే పాట స్వరమే తక్కువగా వినిపిస్తుంది! అందుకని జాజ్ కోసం ఇ9 వాడితే ఆ తీగల్ని పియానో దగ్గరకి పెంచి కలుపుకోవాలి, అప్పుడు కంట్రీ పాటలో మామూలు మేజర్ కార్డ్ కొంచెం గరుకుగా ఉంటుంది. రెండూ ఒకే నెక్ మీద వాయించాలంటే ఈ రాజీ తప్పదు. డి-10 ఉన్నవాళ్లకి ఆ టెన్షన్ లేదు, ముందు నెక్ ఒకలా, వెనక నెక్ ఇంకోలా కలుపుకుంటారు. 9, 13 ఉన్న చిక్కటి కార్డ్‌లో స్వరాలు ఒకదానికొకటి మేజర్ థర్డ్‌గానూ ఇంకోటిగానూ పనిచేస్తాయి కాబట్టి ఏదో ఒకదానికి దించితే మరోటి చెడుతుంది. సి6 వాళ్లలో ఎక్కువమంది పియానో శ్రుతికి దగ్గరగా ఉండటానికి కారణం అదే.

కొనేముందు వినండి. పెడల్ స్టీల్ వాయించే బడ్డీ ఎమన్స్ 1963లో న్యూయార్క్‌లో మెర్క్యురీ కంపెనీకి చేసిన జాజ్ ఆల్బమ్‌తో మొదలుపెట్టండి, పియానో మీద బాబీ స్కాట్, సాక్సొఫోన్ మీద జెరోమ్ రిచర్డ్‌సన్, బాస్ ఆర్ట్ డేవిస్, డ్రమ్స్ చార్లీ పెర్సిప్. పేరు స్టీల్ గిటార్ జాజ్ అనే. కర్లీ చాకర్ సి6 మీద వేసే బరువైన కార్డ్‌లు కార్డ్ మెలడీ నేర్చుకునేవాళ్లకి ఎమన్స్ కన్నా కూడా ఎక్కువ పనికొస్తాయని నా అభిప్రాయం, ఎందుకంటే ఆయన పాటని కార్డ్‌తోనే నడిపిస్తాడు. డగ్ జెర్నిగన్‌ని బీబాప్ (వేగంగా పరుగెత్తే జాజ్ శైలి) లైన్ల కోసం వినండి. న్యూ ఓర్లీన్స్ వాడు డేవ్ ఈస్లీ, డ్రమ్మర్ బ్రయాన్ బ్లేడ్ ఫెలోషిప్ బృందంలో వాయించినవాడు, ఈ వాద్యం ఇప్పటి జాజ్‌లో ఎలా ఇముడుతుందో చూపిస్తాడు. సుసన్ ఆల్కార్న్, 2025లో చనిపోయింది, 2015లో సొలెడాడ్ అనే ఆల్బమ్‌లో అర్జెంటీనా టాంగో స్వరకర్త పియాజొల్లా సంగీతాన్ని పెడల్ స్టీల్ మీదకి తెచ్చింది. అది జాజ్ కాకపోయినా పాటా హార్మొనీ ఒకే వాద్యం మోయడం అంటే ఏమిటో దానికన్నా బాగా నేను చెప్పలేను.

మీ దగ్గర ఇప్పటికే ఇ9 ఉంటే ఏమీ కొనకండి. 5, 6, 7, 9 పట్టు మీద మీకు బాగా తెలిసిన ఒక నెమ్మది పాట పూర్తిగా వాయించండి, పాట సినిమాదైనా సరే, మేజర్ స్కేల్లో నడిచేది ఎంచుకోండి. అది వచ్చాక బాస్ లేదనిపిస్తే, పై స్వరాల కోసం తీగలు వెతుక్కోవడం విసుగు పుట్టిస్తే, అప్పుడు సి6 వైపు చూడండి. బేసిస్ట్, పియానో ఉన్న బృందంలోనే వాయిస్తారా? మూడు స్వరాలు చాలు, కార్డ్‌లోని మూడో స్వరం, ఏడో స్వరం, పైన పాట, దీనికి ఏ ట్యూనింగ్ అయినా ఫరవాలేదు, నాలుగైదు తీగలు మీటి పియానో వాడితో కొట్లాడటం దేనికి. ఒంటరిగా ఇంట్లో, పూర్తి హార్మొనీతో అంటే యూనివర్సల్ దొరికితే అదృష్టం, లేదంటే డి-10. అసలు స్టీల్ ముట్టుకోని వాళ్లు ల్యాప్ స్టీల్‌తో మొదలెట్టండి.

డల్లాస్ వైపు ఉన్నవాళ్లకి ఒక వీలుంది, టెక్సాస్ స్టీల్ గిటార్ అసోసియేషన్ వాళ్ల జంబోరీ (స్టీల్ గిటార్ వాళ్ల సమ్మేళనం) ఆ ప్రాంతంలోనే జరుగుతూ వస్తోంది. అక్కడ ఒకే హాల్లో రకరకాల గిటార్ల ముందు కూర్చుని చూడొచ్చు. కూర్చున్నప్పుడు సి6 నెక్ మీద ఇవి చూడండి: అయిదో పెడల్ తొక్కితే పదో తీగ డికి వస్తోందా, నాలుగూ అయిదూ ఒకే పాదంతో కలిపి తొక్కగలుగుతున్నారా, అయిదూ ఆరూ కలిపి తొక్కినప్పుడు మడమ తిరగాల్సి వస్తోందా. పెడల్ వదిలాక ప్రతి తీగా ట్యూనర్ మీద బయల్దేరిన చోటికే తిరిగి వస్తోందో లేదో ఒక్కొక్కటిగా చూడండి, ముఖ్యంగా పెడల్‌తో శ్రుతి కిందికి దిగే అయిదో తీగ, ఆరో తీగ. రాకపోతే అమ్మేవాడి ఎదుటే గిటార్‌ని తిరగేసి ఎక్కడ పట్టేస్తోందో చూపించమనండి. చూపించలేకపోతే ధర తగ్గించమని అడగడం కన్నా పక్క టేబుల్‌కి పోవడం మేలు.